గోదావరి వంతెన లెక్క

వరప్రసాదరావు మాస్టారు వత్సవాయి, వీరులపాడు చుట్టుపక్కల బళ్లలో ముప్పై రెండేళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఇప్పుడు నందిగామలో ఉంటున్నారు. లెక్క తప్పు చేసినవాణ్ణి క్షమిస్తారు గానీ, లెక్కే తప్పన్నవాణ్ణి వదలరు. ఆయన పక్క క్లాసులో ఏళ్ల తరబడి తెలుగు చెప్పినవాణ్ణి, ఆ మొండితనం నాకు తెలియంది కాదు.

తొంభై నాలుగులో తొమ్మిదో తరగతికి ఒక లెక్క ఇచ్చారు. గంటకు అరవై కిలోమీటర్ల వేగంతో పోయే రైలు రాజమండ్రి దగ్గర సుమారు మూడు కిలోమీటర్ల గోదావరి వంతెనను ఎంతసేపట్లో దాటుతుంది? ప్రేమదాసు అనే కుర్రాడు లేచి, ఆ వంతెన మీద అరవైలో పోనివ్వరని, ఇరవై దాటకూడదని అన్నాడు. వాళ్ల నాన్న అక్కడే రైల్వే గ్యాంగ్‌మన్. అయితే మీ నాన్ననే వచ్చి లెక్కలు చెప్పమనమన్నారు మాస్టారు. క్లాసంతా నవ్వింది. పైగా వాడి అరచేతులు వాచేలా బెత్తం పడింది. వారం తిరక్కుండా వాడు బడి మానేశాడు.

ఇప్పుడు గరికపాడు చెక్‌పోస్టు దగ్గర లారీలకు పంక్చర్లు వేస్తుంటాడు. మాస్టారి స్కూటర్‌కి గాలి కొడితే డబ్బులు పుచ్చుకోడు. అందుకే ఆయన అటు పోవడం మానుకున్నారు. నేను ఆ మాటెత్తితే, కొట్టడం తప్పే, లెక్క మాత్రం నాదే రైటు అనేవారు. ఆ ఒక్క మాట పట్టుకునే ఇన్నేళ్లూ నెట్టుకొచ్చారు.

మొన్న డిసెంబరులో మా అల్లుడి గృహప్రవేశానికి ఇద్దరం రాజమండ్రి వెళ్లాం. సాయంత్రం మాస్టారు ఆ లెక్కలోని పాత వంతెన చూద్దామన్నారు. దాని మీద రైళ్లు ఆగిపోయి పాతికేళ్లు దాటింది. రాతి స్తంభాలు చెక్కుచెదరలేదు, ఇనుమే తుప్పు పట్టింది. నేను గోదావరిని చూస్తూ నిలబడ్డాను. ఆయన చూపు వంతెన మొదట్లో కంపల మధ్య ఒరిగిపోయిన పసుపు బోర్డు మీద పడింది. దగ్గరికెళ్లి జేబురుమాలుతో దుమ్ము తుడిచారు.

ఇరవై.

ఆయన మొహం చూస్తే నాకు జాలేసింది. ఇన్నాళ్లూ చెప్తే వినలేదన్న కోపం కూడా లేకపోలేదు. అక్కడి నుంచే ప్రేమదాసుకి ఫోన్ చేశారు. చెవి సరిగ్గా వినపడదు కాబట్టి స్పీకర్ పెట్టారు.

"ప్రేమదాసూ, గోదావరి వంతెన దగ్గరున్నా. బోర్డు చూసా. నువ్వు చెప్పిందే రైటు రా. నా వల్ల నీ చదువు పోయింది."

అవతల లారీ హారన్లు మోగుతున్నాయి.

"మీరు కొట్టారని మానలేదండి సార్," అన్నాడు ప్రేమదాసు. "ఆ వారం మా నాన్న సెలవు మీద ఇంటికొచ్చాడు. జరిగింది చెప్తే, సారు చెప్పిందే రైటు, నువ్వే తప్పు అన్నాడండి. ఆ బోర్డుకి ఏటా రంగేసేది ఆయనేనండి."