చిక్కినందుకు అభినందనలు

మే నెల మధ్యాహ్నం వేదాద్రిలో దర్శనం చేసుకుని బయటికి వచ్చాం. బండలు పెనంలా కాలుతున్నాయి. అందరం గెంతుకుంటూ నీడలోకి పరిగెత్తాం. నా భార్య సరోజ మాత్రం ఎండలోనే నిలబడి కొబ్బరిచిప్పలు సంచిలో సర్దుకుంటోంది.

"అక్కా, నీకు కాళ్ళు కాలట్లేదా?" అని అరిచింది జగ్గయ్యపేట నుంచి వచ్చిన మా మరదలు.

"ఆవిడ మీద స్వామి దయ ఉందిలే. మనమే పాపాత్ములం" అన్నాడు మా తమ్ముడు. అందరం నవ్వాం.

సాయంత్రం నందిగామలో ఇల్లు చేరాక గచ్చు మీద తడి అడుగులు కనిపించాయి. ఆమె కుడి అరికాలు బొబ్బలెక్కి చిట్లింది. ఆమెకు నొప్పే తెలియలేదు.

ఇది తొంభైల చివరి సంగతి. నేను ఒక దినపత్రికకు విలేకరిని, సరోజ బడిలో టీచరు. రెండో కాన్పు తర్వాత ఆమెకు ఒళ్ళు పెరుగుతూనే వచ్చింది. "టీచర్ గారూ, మధ్యలో కూర్చోండి, బండి ఒరుగుద్ది" అనేవాడు ఆటో డ్రైవర్. అక్కడ నవ్వేసేది. ఇంటికొచ్చి మాట్లాడేది కాదు.

వేదాద్రి వెళ్ళడానికి ముందు ఏడాది పొద్దున్నే నడక మొదలుపెట్టింది. కొన్ని నెలలకే మనిషి సగమైంది. "ఏం తింటున్నావో చెప్పవే తల్లీ, మేమూ తింటాం" అని బడిలో తోటి టీచర్లు వెంటపడ్డారు. మెంతుల నీళ్ళని చెప్పింది. వాళ్ళూ తాగారు. తీరని దాహాన్ని ఎండల ఖాతాలో, నీరసాన్ని నడక ఖాతాలో వేసుకున్నాం.

కాలు చూపించడానికి వెళితే డాక్టరు గారు ఆమెను కళ్ళు మూసుకోమని అరికాలికి దూది తాకించారు. "తగులుతోందా అమ్మా?" సరోజ ఇంకా ఎప్పుడు తాకిస్తారా అని ఎదురుచూస్తోంది. ఫాస్టింగ్ షుగర్ మూడొందలు దాటింది.

"ఏళ్ళ తరబడి ఉన్న లావు ఇన్సులిన్‌ని సరిగ్గా పనిచేయనివ్వలేదు. షుగర్ ముదిరి ఒళ్ళు కరిగిపోతోంది. మీరు చిక్కింది నడక వల్ల కాదమ్మా" అన్నారాయన. షుగర్‌కి నరాలు దెబ్బతిని కాళ్ళు మొద్దుబారడాన్ని న్యూరోపతి అంటారని చెప్పారు.

పుండు చీము పట్టింది. విజయవాడ ఆసుపత్రిలో చిటికెనవేలు తీసేశారు. ఇన్సులిన్ మొదలయ్యాక పుండు మానింది. దానితోపాటే ఒళ్ళూ తిరిగి వచ్చింది.

"మళ్ళీ మొదటికొచ్చారే! వాకింగ్ మానేశారా?" అంది పక్కింటావిడ.

తర్వాత కొన్నాళ్ళకు రెండోకాలి మడమ పగిలి మానలేదు. షుగర్ మళ్ళీ మూడొందలు. ఫ్రిజ్‌లో ఇన్సులిన్ సీసా చూస్తే అయిపోవాల్సినంత అయిపోలేదు.

"వేసుకుంటే ఊరిపోతున్నానండి" అంది. "చిక్కినప్పుడే కదా నన్ను మనిషిగా చూశారు?"

"నీ కాలు పోతుంది సరోజా."

"ఒళ్ళు పెరిగినన్నాళ్ళూ నా కాలు గురించి ఎవరడిగారు?"



ఇది జరిగి ఏడేళ్ళు. ఆ మడమ ఎలాగో మానింది. ఇప్పుడు ఇంట్లోనూ చెప్పులు వేసుకుంటుంది. అన్నం తగ్గించింది. రోజూ సాయంత్రం ఆమె అరికాళ్ళు నేను వెలుతురులో చూస్తాను. పాఠకులకు ఒక్కటే చెప్పగలను: లావుగా ఉన్న మనిషి ఉన్నట్టుండి చిక్కితే, మెచ్చుకునే ముందు షుగర్ పరీక్ష చేయించండి.

రాత్రి డోసు నా ముందే వేసుకుంటుంది. పొద్దున డోసు వేళకు నేను వార్తల పని మీద బయట ఉంటాను. పోయిన నెల మూడు కిలోలు తగ్గింది. తిండి తగ్గించడం వల్లేనంటుంది. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షకు రక్తం విజయవాడ పంపాం. రిపోర్టు ఇంకా రాలేదు.