పాత ఫోన్‌లో రెండో గీత

నేను కొంచెం పెంచి చెబుతాను. ముందే ఒప్పుకుంటే గొడవ ఉండదు. నేను పట్టిన గోరంత చేప మా ఊళ్ళోని బతు బస్తీ పేట దాటేసరికి సొరచేప అవుతుందని మా ఆవిడ అందరికీ చెబుతుంది. అందులోనూ కొంత ఆవిడ పెంచిందే. దెయ్యాల విషయంలో మాత్రం నేను పరమ పిసినారిని. ఉన్నాయని ఏనాడూ నమ్మలేదు. సునామీ తర్వాత పోర్ట్‌బ్లెయిర్‌లో ఇంటికో దెయ్యం కథ పుడితే, మా ఇంట్లో ఒక్కటీ లేనందుకు చుట్టాల ముందు నాకు తలవంపులుగా ఉండేది.

మాది కాంట్రాక్టరు ఆఫీసు. సునామీకి కొట్టుకుపోయిన దక్షిణ ద్వీపాలకి సిమెంటు, కలప, రేకులు పంపుతాం. కొన్నేళ్ళకి మా సార్ అందరికీ బటన్ల స్మార్ట్‌ఫోన్లు కొనిచ్చారు. వాటిలో ఆఫీసు సందేశాలకి వేరే ఏర్పాటు ఉండేది. మనం పంపితే ఒక గీత, అవతలి ఫోన్‌కి అందితే రెండో గీత. మొదట్లో వాటిని నడుముకి పిస్తోళ్ళలా తగిలించుకుని తిరిగాం.

తర్వాత అవి ముసలివయ్యాయి. ఒక ఫోటో తెరుచుకునేలోపు చాతం రేవులో ఫెర్రీ ఎక్కి, అవతలి ఒడ్డున బాంబూఫ్లాట్‌లో టీ తాగి, తిరిగి రావచ్చు. మ్యాపు మా ఆఫీసుని సముద్రం మధ్యలో చూపించేది. సిమెంటు కావాలన్న సందేశం ఇల్లు కట్టేశాక వచ్చేది. టచ్ ఫోన్లకి మారిపోదామని అందరం సార్ ప్రాణం తీశాం. అడ్డుపడింది ఒక్క పైడమ్మ.

పైడమ్మ మా ఆఫీసు మనిషి కాదు. మా సరుకు తీసుకెళ్ళే నూకరాజు భార్య. అంతకు ముందు ఏడాది వానాకాలంలో నూకరాజు డుంగీలో, అంటే చిన్న ఇంజను పడవలో, ఒక దీవి నుంచి ఇంకో దీవికి బయలుదేరి కనబడకుండా పోయాడు. పడవా దొరకలేదు, మనిషీ దొరకలేదు. ఆఫీసు ఫోన్ అతని జేబులోనే ఉంది.

ఆమెకి తెలుగు మాట్లాడడమే గానీ రాయడం రాదు. అతను కనబడకుండా పోయిన వారంలోనే నా ఫోన్ నుంచి అతనికి ఒక సందేశం పెట్టించింది. "ఎక్కడున్నావు, ఇంటికి రా." దానికి ఒకటే గీత. రోజూ వచ్చి ఆ గీతని చూసి వెళ్ళేది.

"భయ్యా, రెండోది పడినాదేటి?"

"లేదు దీదీ."

"నెట్‌వర్క్ ఖరాబేమోలే. రేపొస్తాను."

దర్భలతో బొమ్మ చేసి కర్మ చేసెయ్యమని, బొట్టూ గాజులూ తీసెయ్యమని పెద్దలు చెప్పారు. ఆమె వినలేదు. దానికి కారణం ఉంది. సునామీ అప్పుడు నూకరాజు కార్ నికోబార్ దీవిలో ఉన్నాడు. కబురు లేకపోయేసరికి పోయాడని చుట్టాలు తేల్చేసి, ఆమె గాజులు పగలగొట్టించారు. కొన్నాళ్ళకి అతను సహాయ ఓడ దిగి నడుచుకుంటూ ఇంటికొచ్చాడు. పెళ్ళాం బోసి చేతులు చూసి, "ఏటే, నన్నప్పుడే తగలెట్టేసినావా?" అన్నాడట. ఆ మాట ఆమెకి ముల్లులా ఉండిపోయింది.

అందుకే మా సార్ దగ్గరికి వెళ్ళి నిలబడింది. "ఆ ఫోన్లు మూసేస్తే మావోడికి కబురెలాగెల్తాది బాబూ? అయ్యి మూసిన నాడు నా బొట్టు తీసినట్టే."

మా సార్ బిల్లు రాకపోతే సముద్రాన్నైనా కోర్టుకి లాగే మనిషి. అలాంటివాడు కొత్త ఫోన్ల మాట ఎత్తడం మానేశాడు. కానీ ఆ సందేశాల ఏర్పాటునే మూసేస్తున్నామని ఆ ఫోన్ల కంపెనీ నుంచి కబురొచ్చింది. ఇక మా చేతిలో ఏమీ లేకపోయింది.

మూసేసిన మర్నాడు మధ్యాహ్నం కొత్త ఫోన్లు పంచారు. పాతవన్నీ అట్టపెట్టెలో పడేశాం. నా సిమ్ అప్పటికే కొత్త ఫోన్‌లో ఉంది. ఆఫీసులో వైఫై లేనే లేదు. పైడమ్మ వచ్చి ఒక్కసారి చూస్తానంటే నా పాత ఫోన్ తీసి ఆన్ చేశాను. పైన 'సర్వీసు లేదు' అని ఉంది. సందేశం పక్కన ఒకటే గీత. ఇద్దరం చూస్తుండగా రెండోది పడింది. చప్పుడు లేదు, ఏమీ లేదు. మా అకౌంటెంట్‌ని పిలిచి చూపించాను, అతనూ రెండే లెక్కపెట్టాడు.

బజారులో ఫోన్లు బాగుచేసే అతన్ని అడిగాను. "సిమ్ లేకుండా పడదు భయ్యా. ఎప్పుడో పడుంటుంది, నువ్వు చూసుకోలేదు," అన్నాడు. ఆ గీతని నేను రోజూ చూశాను.

కబురు అందింది, ఇక చాలు అంది పైడమ్మ. ఆ వారమే కర్మ చేయించింది. ఇప్పుడు డాలీగంజ్‌లో కూతురి దగ్గర నిమ్మళంగా ఉంటోంది.

ఫెర్రీ, మ్యాపు, కోర్టు నేను సాగదీసినవి. పూర్తిగా కల్పించింది పై పేరాలో కర్మ సంగతి, కూతురి సంగతి. గీత పడడం నిజం. ఎలా పడిందో నాకు ఇప్పటికీ తెలియదు. పైడమ్మ మాత్రం కర్మ చేయించలేదు. ఫోన్ తెరని కొంగుతో తుడిచి, "అందినాది కదేటి. జవాబు రాయడానికి ఆడికి టైమ్ పడతాది," అంది. ఇప్పటికీ రోజూ వస్తోంది. నేను ఛార్జింగ్ పెట్టి ఉంచుతున్నాను. ఈమధ్య దాని బ్యాటరీ ఉబ్బింది. అలాంటిది ఇప్పుడు ఎక్కడా దొరకదట. ఆ సంగతి ఆమెకి ఎవరు చెప్పాలో మా ఆఫీసులో ఇంకా తేలలేదు.