పళ్లెం ఎవరి ముందు పెట్టాలి

ఖానాపురం హవేలిలో షేర్ ఆటో కోసం నిలబడి ఉండగా అమ్మ ఫోన్ చేసింది. "అయ్యగారు పోయిండ్రు బిడ్డా. పొద్దుగాల చాయ్ తాగి గోడకు ఆనుకొని కూసున్నరట. అట్లనే పోయిండ్రు" అంది. ఎట్లా జరిగింది, ఎవరున్నారు అని నేను అడగలేదు. నా నోట వచ్చిన మొదటి మాట, "బల్ల తీసుకున్నరా?" "లేదమ్మా" అంది అమ్మ. ఆటో వచ్చింది, నిండింది, వెళ్లిపోయింది. నేను స్కూలుకు సెలవు చెప్పి బస్టాండు దారి పట్టాను.

అయ్యగారంటే మా ఊరి పాస్టరు. చండ్రుగొండలో దిగి అడవి వైపు పోయే ఆటో ఎక్కితే మా ఊరొస్తుంది. ఊళ్లో ఎక్కువమంది తాతల నాటి వేల్పులనే కొలుచుకుంటారు. మా రేకుల మందిరానికి వచ్చేవి కొన్ని ఇళ్లే. మాది పాతకాలపు శాంతి సంఘం. ఆయుధం పట్టం, ఒట్టు పెట్టం, పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వం. ఇంకో పద్ధతి కూడా ఉంది. ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన, దానికి ముందు ఒకరి కాళ్లు ఒకరం కడుగుతాం. ఎవరితోనైనా తగాదా ఉంటే ముందు వాళ్ల కాళ్లు కడగాలి, ఆ తర్వాతే రొట్టె. ఈ పద్ధతి దగ్గరే అయ్యగారి జీవితం చిక్కుపడింది. చివరి కొన్నేళ్లు ఆయన అందరికీ రొట్టె విరిచి ఇచ్చారు గాని తాను ముట్టలేదు. ముట్టకుండానే పోయారు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తుంటే నాకు దుఃఖం కన్నా దిగులే ఎక్కువగా ఉంది.

ముందు మంచి సంగతులు చెప్పుకుంటాను. చిన్నప్పుడు మాకు పెద్ద సరదా, అయ్యగారి చేత ఒట్టు పెట్టించాలని చూడటం. ఆదివారం బడిలో ఆయన ఏదైనా కథ చెప్తే, "నిజమా అయ్యగారూ? అమ్మతోడు అనుండ్రి" అని చుట్టూ మూగేవాళ్లం. ఆయన నవ్వేవారు. "నా మాట ఒక్కటి చాలదా? గింత దానికి మీ అమ్మను ఎందుకు పిలుస్తరు, ఆమె వంట చేస్కుంటుంది గద" అనేవారు. ఎంత విసిగించినా ఒక్కనాడూ పెట్టలేదు.

నా బాప్తిస్మం సంగతి ఊరంతా చెప్పుకొని నవ్వేది. పదో తరగతి అయ్యాక, తెల్లచీర కట్టుకొని, తలకు నూనె రాసుకొని వాగు దగ్గరికి పోయాను. అయ్యగారు అప్పటికే మోకాళ్ల లోతు నీళ్లల్లో ఉన్నారు. "ఎవరు పంపిండ్రు బిడ్డా?" అన్నారు. "అమ్మ" అన్నాను. "అయితే ఇంటికి పో. నీ అంతట నువ్వు రావాలె. రాకున్నా నాకేం కోపం లేదు, పప్పుచారు పెట్టిన రోజు మాత్రం పిలువు" అన్నారు. తడవని చీరతో ఏడ్చుకుంటూ ఇంటికి వచ్చాను. అమ్మ ఆయనతో నెల రోజులు మాట్లాడలేదు. మళ్లీ నేను పోయేసరికి డిగ్రీ అయిపోయింది. ఈసారి ఎవరు పంపారని ఆయన అడగలేదు, నా మొహం చూసి చెయ్యి అందించారు.

తుపాకులవాళ్లు రెండు వైపుల నుంచీ తిరిగిన రోజుల్లో ఆయన ఇంటి గడప అందరూ తొక్కారు. యూనిఫాం వేసినవాళ్లూ, లేనివాళ్లూ. ఎవరొచ్చినా ఒకటే మాట. "అది బయట గోడకు పెట్టి రాండ్రి, అన్నం పెడ్త." పెట్టనన్నవాళ్లకు నీళ్ల చెంబు గడప అవతలికే అందించేవారు. రెండు వైపులవాళ్లూ అనుమానించారు, ఒకసారి కొట్టారు కూడా. ఎవరు కొట్టారని అడిగితే, "చేతులు" అన్నారు. అంత ధైర్యమున్న మనిషి గనకనే, ఒక నీళ్ల పళ్లెం దగ్గర ఆయన చూపు తప్పడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

జోగమ్మ మా సంఘపు మనిషి. భర్త పోయాక పోడు భూమిలో జొన్న, కంది వేసుకొని బతికేది. మొక్కలు నాటాలని అటవీశాఖ పైవాళ్లు ఆ చెలక చుట్టూ కందకం తవ్వించారు. తవ్వించేవాళ్లతో వచ్చిన అడవి వాచర్ ఇస్సాకు. ఇతనూ మా సంఘమే, జోగమ్మ పక్కింటివాడే. ఆమె తవ్వే మిషనుకు అడ్డం నిలబడింది. ఇస్సాకు నెట్టాడు. ఆమె కందకంలో పడింది, కుడిచెయ్యి మోచేతి దగ్గర విరిగింది. "మిషను కింద పడుతదని నెట్టిన" అంటాడు ఇస్సాకు. "నా చేను కాడి నుంచి నెట్టిండు" అంటుంది జోగమ్మ. నేను అక్కడ లేను. అతనికీ పిల్లలున్నారు, ఉద్యోగం పోతే అతనికీ కూలే గతి. అయినా విరిగిన చెయ్యి ఆమెదే కదా.

ఆ తర్వాత వచ్చిన బల్ల ఆదివారం నేను ఊళ్లోనే ఉన్నాను. అయ్యగారు ముందురోజే ఇద్దరి ఇళ్లకూ పోయి వచ్చారు. ఆరాధనలో ఇత్తడి పళ్లెం తెచ్చి ఇస్సాకు కాళ్ల ముందు పెట్టి, జోగమ్మ వైపు చూశారు. ఆమె లేచింది. మెడకు కట్టిన చీరముక్కలో కుడిచెయ్యి వేలాడుతోంది. మోకాళ్ల మీద కూర్చొని, ఎడమచేత్తో నీళ్లు పోసి అతని కాళ్లు కడిగింది. ఇస్సాకు వెక్కి వెక్కి ఏడ్చాడు. మందిరమంతా ఏడ్చింది. "స్తోత్రం, స్తోత్రం" అన్నారు. అయ్యగారి మొహం వెలిగిపోయింది. నేను మాత్రం ఆమె చేతినే చూస్తూ ఉన్నాను. ఆమె తువ్వాలు పిండబోయి, పిండలేక, తడిదాన్ని అట్లాగే కింద పెట్టి పోయి కూర్చుంది. ఒంటిచేత్తో తువ్వాలు పిండటం ఎవరి వల్లా కాదు.

ఆ క్షమాపణ పెద్ద సాక్ష్యమైపోయింది. ఉపవాస కూడికల్లో చెప్పారు, ముదిగొండ నుంచి వచ్చిన ప్రసంగీకుడు కూడా మైకులో చెప్పాడు. చెప్పినకొద్దీ జోగమ్మ చెయ్యి కథలోంచి జారిపోయి, ఇస్సాకు కన్నీళ్లే మిగిలాయి. జోగమ్మ మాత్రం మందిరానికి రావడం మానేసింది.

కొన్నాళ్లు చూసి అయ్యగారు ఆమె ఇంటికి పోయారు. ఆమె వాకిట్లో ఇప్పపువ్వు ఎండబోస్తోందట. ఎందుకు వస్తలేవమ్మా అని అడిగారట. ఆమె పువ్వు నెరపడం ఆపకుండానే, "క్షమించమని చెప్పనీకి వచ్చినవ్ అయ్యగారూ, నా చెయ్యి ఎట్లుందని ఒక్కసారి అడగకపోతివి" అందట. ఆమెను అప్పుడు కొత్తగూడెం దవాఖానాకు తీసుకపోయారు. అప్పటికే ఎముక వంకరగా అతుక్కుపోయింది. ఇదంతా ఆయనే నాతో చెప్పారు, సెలవులకు నేను ఊరికి పోయినప్పుడు, మందిరం అరుగు మీద కూర్చొని. నా నోరు ఊరుకోదు. "నన్ను వాగు ఒడ్డు నుంచి వెనక్కి పంపిన మనిషేనా మీరు? బాప్తిస్మానికి బలవంతం పనికిరాదన్నరు. క్షమించడానికి పనికొస్తదా?" అని అడిగేశాను. ఆయన చెప్పు మొనతో మట్టి గీకుతూ, "అదే మనిషిని బిడ్డా. గదే నాకు భయమైతుంది" అన్నారు.

ఆ వచ్చే ఆదివారం లేచి నిలబడి అందరి ముందూ చెప్పారు. "జోగమ్మ ముందు పెట్టాల్సిన పళ్లెం ఇస్సాకు ముందు పెట్టిన. అది ఆమె తప్పు కాదు, ఇస్సాకు ఒక్కడి తప్పూ కాదు. నాది. ఇగ ఆ సాక్ష్యం ఎక్కడా చెప్పకుండ్రి." సంఘపెద్దలకు నచ్చలేదు. అంతమంది ఏడ్చిన ఆరాధనను తప్పంటే ఎట్లా? దేవుని పనిని మనమే చెరుపుకుంటామా అన్నారు. ఆయన వాదించలేదు. ఆ నెల బల్లలో రొట్టె విరిచి అందరికీ ఇచ్చి, తన ముక్క తీసుకోకుండా గుడ్డ కప్పేశారు. ఆ తర్వాత ప్రతిసారీ అంతే.

నేను మళ్లీ కొట్లాడాను. "మీరు తినకపోతే ఆమె చెయ్యి బాగైతదా?" అన్నాను. "కాదు. నేను తింటే బాగైందని మీరనుకుంటరు" అన్నారు.

ఆ మాటకు జవాబు నాకు తర్వాత ఊళ్లోనే దొరికింది, అది ఆయనకు చెప్పాను కూడా. అయ్యగారు చిక్కిపోతుంటే సంఘంలో ఆడవాళ్లు జోగమ్మను చూసి మొహం తిప్పుకోవడం మొదలుపెట్టారు. ఈమె మూలంగానే కదా అయ్యగారు బల్లకు దూరమయ్యారని బోరింగు దగ్గర అనేవారు. జోగమ్మ ఒకసారి నాతోనే అంది. "ముందుగాల కడగమన్నడు, కడిగిన. ఇప్పుడు ఆయన తింటలేడని నన్నంటున్నరు. మీ శాంతి నాకు బాగ బరువైంది బిడ్డా." నేనీ మాట మోసుకుపోయి అయ్యగారికి చెప్పాను. ఆయన ప్రాయశ్చిత్తం కూడా పోయి ఆమె నెత్తి మీదే పడింది. ఇది ఆయనకు ముందే తట్టలేదు. మంచి మనుషులకు ఇట్లాంటివి ఆలస్యంగా తడతాయని నాకు కోపం. ఆయన పోయినా ఆ కోపం పోలేదు, దాచుకోను.

కాని ఆయన ఊరికే కూర్చోలేదు. మా సంఘంలో కోర్టు కచేరీల జోలికి పోవడం ఆనవాయితీ కాదు. ఆయన మాత్రం వెళ్లారు. జోగమ్మ మామ కాలం నుంచీ ఆ చేను వాళ్లదేనని చెప్పడానికి, ఎండలో, ఆమె వెంట కాకుండా పది అడుగుల వెనక నడిచి మరీ పోయారు. ఆమె పక్కన నడవనివ్వలేదు. అక్కడ ప్రమాణం చేసి చెప్పమంటే, చెయ్యను, ఉన్నదే చెప్తాను అన్నారట. ఆ చేను సంగతి ఇంకా తేలలేదు. ఇస్సాకును పిలిచి, "ముందుగాల కందకం పూడ్చు, తర్వాత పళ్లెం పట్టు" అన్నారట. "నా చేతుల్ల లేదు అయ్యగారూ" అన్నాడట ఇస్సాకు. అదీ నిజమే. కందకం గట్టు మీద నాటిన మొక్కలు ఇప్పుడు మనిషెత్తు పెరిగాయి.

పోయిన సంక్రాంతి సెలవుల్లో ఆయన్ను చివరిసారి చూశాను. రోట్లో తమలపాకు దంచుకుంటున్నారు, పళ్లు లేవు. "ఆమె క్షమిస్తదంటరా?" అని అడిగాను. "అది మనం అడగకూడని ప్రశ్న" అన్నారు. దంచడం ఆపి, "ఆమె కాదంటే, కాదన్న మాట వినేటట్టు సంఘం కావాలె. గంత వరకు నేను బతుకుతనో లేదో" అన్నారు. అప్పుడు ఆయన గొంతులో ఉన్నది రొట్టె మీది ఆకలేనని ఇప్పుడు నాకు తోస్తుంది. యాభై ఏళ్లు అందరికీ పంచిన చేతులు అవి.

మట్టి చేసిన రోజు ఊరంతా వచ్చింది. వేల్పుల పూజ చేసే పెద్దలు కూడా వచ్చి గుంట తవ్వడంలో చెయ్యేశారు. జోగమ్మ దూరంగా నిలబడి చూసి పోయింది.

జ్ఞాపకార్థ కూడిక ఆదివారం పెట్టారు, బల్లతో కలిపి. జోగమ్మ వచ్చింది. తలుపు దగ్గర, చాప అంచున కూర్చుంది. ఆరాధన సగంలో ఇస్సాకు లేచాడు. ఎవరూ చెప్పలేదు. ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసుకొని, భుజాన తువ్వాలు వేసుకొని, మనుషుల మధ్య నుంచి నడిచి పోయి ఆమె ముందు పెట్టి మోకాళ్ల మీద కూర్చున్నాడు. నా పక్కన ఒకామె అప్పటికే ఏడుపు మొదలుపెట్టింది.

జోగమ్మ కాళ్లు చీర కిందికి లాక్కుంది.

"నా కాళ్లు నేనే కడుక్కొని వచ్చిన" అంది.

సంఘపెద్ద ముందుకు వంగాడు. "అట్ల కాదమ్మా, అయ్యగారి కోసమన్నా..." అనబోయాడు. మా అమ్మ, నన్ను వాగుకు పంపిన మా అమ్మ, కూర్చున్నచోటి నుంచే అంది. "ఊకోండ్రి. ఆమె చెప్పింది గద."

తర్వాత ఎవరూ పాట ఎత్తుకోలేదు. సంఘపెద్ద రొట్టె వైపు చూసి, చెయ్యి చాపి, ఆ చెయ్యి వెనక్కి తీసుకొని, తెల్లగుడ్డ తిరిగి కప్పాడు. ఇది ఓటమో, అయ్యగారు ఎదురుచూసిన రోజో నాకు తెలియదు. ఇస్సాకు మోకాళ్ల మీదే ఉన్నాడు. పళ్లెంలో నీళ్లు కదలడం ఆగి, పైన రేకుల సందులోంచి పడే వెలుగు అందులో నిలిచింది. జోగమ్మ వంకర చెయ్యి ఒళ్లో పెట్టుకొని అట్లాగే కూర్చుంది. తలుపు పక్కనే ఉంది, తీసే ఉంది. ఆమె లేచి పోలేదు.