లోపలికి పోయినోళ్ల లెక్క

సదయ్య ఎక్కడికి వెళ్లినా తలుపు దగ్గరే ఆగిపోతాడు. లోపలికి ఎందరు వెళ్లారో, బయటికి ఎందరు వచ్చారో చూస్తాడు. లెక్క కుదిరేదాకా ఇంద్రుడొచ్చి పిలిచినా కదలడు.

తప్పు ఆయనది కాదు, కొక్కేలది. ముప్పై రెండేళ్లు బొగ్గుబాయి లాంపు రూములో పనిచేశాడు. దిగేవాడికి దీపం ఇవ్వడం, పైకొచ్చాక తీసుకుని కొక్కేనికి తగిలించడం. కొక్కెం ఖాళీగా ఉందంటే మనిషి ఇంకా కిందే ఉన్నాడని అర్థం. రిటైరయ్యాక కొక్కేలు పోయాయి కానీ చూపు పోలేదు.

అందుకే గోదావరిఖనిలో ఆయన్ని పెళ్లికి పిలవాలంటే జంకుతారు. మొన్నామధ్య ఓ పెళ్లికొడుకు స్నానాల గదిలో కాస్త ఆలస్యం చేశాడు. సదయ్య తలుపు బాదాడు.

"ఓ అయ్యా! పానం మంచిగున్నదా?"

"మంచిగనే ఉన్న!"

"ఉంటే బయటికి రా. పోయి పావుగంటయింది!"

పెళ్లికొడుకు చెవుల్లో సబ్బు నురగతోనే పీటల మీద కూర్చున్నాడు.

అలాంటి మనిషిని వెంటబెట్టుకుని వకీలును వెతకాల్సొచ్చింది పక్కింటి జమునకు. ఆమె భర్త కిషన్, పక్క జిల్లా జైపూర్ నుంచి వచ్చిన రఘుపతి అనే లారీ డ్రైవరు చాయ్ హోటల్ ముందు బండి పెట్టే జాగా కోసం కొట్టుకున్నారు. హోటలాయన మిర్చిబజ్జీల అద్దాల డబ్బా పగిలింది. పోలీసులు ఇద్దరినీ పట్టుకెళ్లారు. ఇవాళ కోర్టు. రేపు కిషన్‌కు బాయి ఉద్యోగం కోసం మెడికల్ పరీక్ష. జైలుకు పంపితే మెడికల్ పోతుంది, నాలుగేళ్లుగా ఎదురుచూసిన ఉద్యోగమూ పోతుంది.

పొద్దున్నే కోర్టు ఆవరణలోకి రాగానే సదయ్య, కోర్టు గది తలుపు కనబడేలా గేటు పక్కన చతికిలబడ్డాడు.

"కాకా, లోపలికి రా. నాకు భయమైతాంది!"

"నువ్వు పోయిరా బిడ్డా. నేను ఈడ్నే ఉంట."

మధ్యాహ్నం దాకా కాచుకుంటే, బంగారు ఫ్రేము కళ్లద్దాల పెద్ద వకీలు కేసు కాగితం చూసి నాలుక చప్పరించాడు. "కష్టమమ్మా. లోపలికి పంపుడే ఉంటది." జమున కాగితం తీసుకుని బయటికి వచ్చింది.

సదయ్య తల ఊపాడు. "గాయిన పొద్దట్నుంచి ఐదుగురిని తోల్కపోయిండు. వాపసు తెచ్చింది ఒక్కన్నే."

"నా పెనిమిటి జైలుకు పోతాంటే నీకు లెక్కలు గావాల్నా కాకా!"

"గా మెట్ల కింద డబ్బాల అన్నం తింటున్న వకీలమ్మ లేదూ, ఉమేరా? నలుగురిని తోల్కపోయింది, నలుగురిని తోల్కచ్చింది. పో, ఆమెను అడుగు!"

ఉమేరా కోటు మోచేతుల దగ్గర వెలిసిపోయింది. జమునకు నమ్మకం కుదరలేదు. వేరే దారీ లేదు.

"జైలుకు తోలుతరా మేడం?"

"చిన్న కేసే అక్కా. మెడికల్‌కు పిలిచిన కాయితం ఉన్నదా? జల్ది తే."

రెండు గంటలు గడిచాయి. తలుపు కిర్రుమన్నప్పుడల్లా జమున లేచి చూసింది. నాలుగింటికి కిషన్ బయటికి వచ్చాడు. బెయిల్! జమున ముందు ఏడ్చింది, తర్వాత రెండు దెబ్బలు వేసింది.

"లే కాకా, పోదాం," అంది కళ్లు తుడుచుకుంటూ. సదయ్య లేవలేదు.

"ఇంకొకడు రావాలె."

"ఎవరు?"

"రఘుపతి. వాని కోసం ఎవ్వరొచ్చిన్లు చెప్పు? పొద్దట్నుంచి సూస్తున్న, ఒక్కడు రాలే."

కిషన్ గయ్యిమన్నాడు. "వాడే నన్ను ముందుగాల కొట్టిండు కాకా!"

"బాయిల కూడ కొట్టుకున్నరు. కొట్టిండని ఎవన్నన్న కిందనే ఇడిచిపెట్టినమారా?"

ఉమేరా నవ్వి మళ్లీ కోటు వేసుకుంది. "ఆయనకు జమానతు ఎవరుంటరు? పూచీ సంతకం గావాలె."

"నేనుంట," అన్నాడు సదయ్య. లేవబోయి తూలి గోడ పట్టుకున్నాడు. పొద్దుటి నుంచి చాయ్ కూడా ముట్టలేదట. షిఫ్టులో చివరి మనిషి పైకి రానిదే ఆయన ఏనాడూ ముద్ద ముట్టలేదని జమునకు అప్పుడే తెలిసింది.

ఐదున్నరకు రఘుపతి బయటికి వచ్చి బిక్కమొహంతో నిలబడ్డాడు. పొద్దున జమున తోలుకొచ్చిన బండి కిషన్‌కిచ్చి, సదయ్య వాణ్ని వెనక ఎక్కించాడు. "బస్టాండుల దించు. తొవ్వల కొట్టుకుంటే మల్ల ఈడ కూసునుడు నాతోని గాదు!"

జమున, సదయ్య వెనక ఆటోలో బయల్దేరారు. బండి మీద ఇద్దరూ కర్రల్లా బిగుసుకుని, మధ్యలో జానెడు జాగా వదిలి కూర్చున్నారు. చౌరస్తా దగ్గర స్పీడ్ బ్రేకర్ రాగానే రఘుపతి రెండు చేతులతో కిషన్ నడుం కరుచుకున్నాడు.

బ్రేకర్ దాటినా వదల్లేదు. కిషనూ వదలమనలేదు.