గోడ మీద గులాబీ వేళ్ళు

విత్తనాలు ఆరబోసిన రోజు మా ఇంటి వెనక ఒక చిన్న యుద్ధం జరిగేది. పిచ్చుకలు, చీమలు, పక్కింటి కోళ్ళు ఒక పక్షం. కట్టె పట్టుకుని నేను ఒక్కదాన్నే ఇంకో పక్షం. నా అరుపులకు వాడకట్టంతా నిద్ర లేచేదని మా ఆయన ఇప్పటికీ ఎగతాళి చేస్తాడు. ఆయనకేం, అరిచే పని నాకప్పజెప్పి చేనుకు వెళ్ళిపోయేవాడు.

ఆ ఏడు మాత్రం అరవాల్సిన పని పడలేదు. అంతకు ముందటి యాసంగి పంటలో జొన్న మొలకలోనే మొవ్వును చంపే ఈగ పడింది. బతికిన కంకుల్లో గింజలకు బదులు కాటుక లాంటి నల్లటి పొడి. అందుకని ఈసారి విత్తనానికి ముందే మందు పట్టించాలని పరకాల నుంచి ఒక పొడి ప్యాకెట్, ఒక సీసా తెచ్చాడు మా ఆయన. చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ కట్టుకుని ఇద్దరం కలిసి గింజలకు పట్టించాం. పసుపు రంగు జొన్నలు చూస్తుండగానే గులాబీ రంగులోకి మారిపోయాయి. రేకుల షెడ్డు కింద నీలం ప్లాస్టిక్ పరదా పరిచి నీడలో ఆరబోశాం.

మా ఆయన చేనుకు వెళ్ళాక కట్టె పట్టుకుని కూర్చున్నాను. ఒక్క పిచ్చుక రాలేదు. పక్కింటి కోడి వచ్చి, మెడ చాచి, పరదా అంచున కాసేపు నిలబడి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. గోడవారగా పోతున్న చీమల బారు పరదా దగ్గరికి రాగానే పక్కకు ఒరిగి, చుట్టు తిరిగి సాగిపోయింది. అంత తిండి నేల మీద పరిచి ఉంటే ఏ ప్రాణీ ముట్టకపోవడం నేను చూడటం అదే మొదటిసారి. మందు పనిచేస్తోందని సంతోషించాల్సింది పోయి ఒళ్ళు జలదరించింది. దయ్యాలూ గాలీ ధూళీ అంటే నవ్వే మనిషిని, కట్టె అక్కడే వదిలేసి లోపలికి వచ్చేశాను.

ఇంట్లో మా అత్తమ్మ, చీరతో కట్టిన తొట్టెలలో నిద్రపోతున్న మా పాప. పాపకు అప్పుడప్పుడే పాకడం వచ్చింది. అత్తమ్మ కళ్ళకు పొర వచ్చిందని, ఆపరేషన్ చేయిద్దామని మేము ఎన్నాళ్ళ నుంచో అంటున్నాం. "నాకు మంచిగనే అవుపడుతాంది, మీకెందుకు ఫికర్" అని కొట్టిపారేసేది. నడుము వంగినా ఇంట్లో ఆమె నడకలో తడబాటు ఉండేది కాదు. పాపను ఎత్తుకుని ముక్కు ఎవరిదో, నుదురు ఎవరిదో చెప్పేది. చూపు కొంచెం మందగించిందంతే అనుకున్నాం.

మధ్యాహ్నం చేనుకు అన్నం తీసుకుపోతూ చెప్పాను. "అత్తమ్మా, షెడ్డు కింద ఇత్తనాలకు మందు పట్టిచ్చినం. అటు పోకు."

"నాకెరుక లేదా. నువ్వు పో, అన్నం సల్లారిపోతాంది."

చేను దగ్గరే. కానీ నేను తిరిగొచ్చేసరికి మబ్బు కమ్మి, పట్టపగలే ఇల్లు చీకటిగా ఉంది. సన్నగా తుంపర పడి ఆగింది. షెడ్డు కింద చూస్తే పరదా నేను పరిచినచోట లేదు. లోపలి మూలకు లాగేసి ఉంది, గింజలన్నీ కుప్ప చేసి ఉన్నాయి. ఎవరో వచ్చారనుకున్నాను. అప్పుడు కనిపించింది, షెడ్డు గుంజ మీద ఐదు గులాబీ వేళ్ళు.

తెల్లటి సున్నం గోడ మీద ఇంకో ఐదు వేళ్ళు. మూరెడు దూరంలో మళ్ళీ ఐదు. ఆ ముద్రలు పెద్దవాళ్ళు చెయ్యి వేసే ఎత్తులో లేవు, పిల్లలకు అందే ఎత్తులోనూ లేవు. ఇల్లంతా నిశ్శబ్దం. వాటి వెంటే నడిచాను. తలుపు చెక్క, తలుపు వెనక మూల, గూటి అంచు, కుండ మూత. కళ్ళున్న వాళ్ళెవరూ ముట్టుకోని చోట్లన్నీ ముట్టుకుంటూ ఎవరో మా ఇంట్లో తిరిగారు. తర్వాత రెండుసార్లు సున్నం వేశాం. తడి వాతావరణంలో ఆ ముద్రలు లేతగా ఇప్పటికీ పైకి వస్తాయి.

నడింట్లో చనిపోయిన మా మామయ్య ఫోటో గోడకు ఉంది. దాని గాజు మీద, ఆయన ముఖం మీద, వేళ్ళు విప్పి ఆనించిన గులాబీ చెయ్యి. నుదుటి నుంచి గదవ దాకా జారిన గీతలు. నున్నటి గాజు మీద చేతికి ఏం తగులుతుందని అంత నెమ్మదిగా నిమిరారో నాకు అర్థం కాలేదు. ముద్రలు అక్కడి నుంచి తొట్టెల వైపు మళ్ళాయి.

తొట్టెల కట్టిన పాత చీర నిండా గులాబీ మరకలు. కింద అత్తమ్మ కూర్చుని మెల్లగా ఊపుతోంది. లోపల పాప మెలకువగా ఉంది, ఏడవడం లేదు, నా వైపే చూస్తోంది. దాని నుదుటి మీద, రెండు కనురెప్పల మీద, ముక్కు పొడుగునా, పెదవుల మీద, చెవి వెనక దాకా వేలిముద్రలు. చీమలు తప్పుకుపోయిన ఆ రంగు నా బిడ్డ ముఖమంతా ఉంది.

పాపను లాక్కుని గుండెకు హత్తుకున్నాను. "అత్తమ్మా, ఏం చేసినవ్?"

"తుంపర వడ్డది బిడ్డా. ఇత్తనం తడుస్తదని పరదా లోపటికి గుంజి, చెదిరినయి ఏరిన. తడిసినయో లేదో అని, మందు సంగతి మరిచి, ఒకటి కొరికి చూసిన. జర చేదుగున్నది, తుపుక్కున ఊంచిన." ఆమె పెదవులూ గులాబీ రంగులోనే ఉన్నాయి.

"మరి చేతులేంది గట్లున్నయి?"

"ఏమున్నది చేతులకు? కడుక్కున్న గదా."

"నీ చేతులకు రంగున్నది అత్తమ్మా. ఏం రంగు అది, చెప్పు."

ఆమె రెండు చేతులూ ముఖం దగ్గరికి తెచ్చుకుంది. చాలాసేపు వాటి వైపు చూసింది. "పసుపు" అంది చివరికి, మెల్లగా.

అప్పుడు నాకు ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. ఆ ఇంట్లో ఇన్నాళ్ళూ నా బిడ్డను ఎవరి చేతుల్లో వదిలి వెళ్ళానో తెలిసి భయమేసింది. సబ్బుతో పాప ముఖం కడిగాను, తడి గుడ్డతో నోరు తుడిచాను, అత్తమ్మ చేతులు రుద్ది రుద్ది కడిగి నోరు పుక్కిలింపజేశాను. మా ఆయనకు ఫోన్ చేసి, మందు ప్యాకెట్, సీసా సంచిలో వేసుకుని ఆటోలో పరకాల దవాఖానకు బయల్దేరాం. దారి పొడుగునా పాప నోటి వైపే చూస్తూ కూర్చున్నాను. అది ఒకసారి ఆవులిస్తే నా ప్రాణం పోయి వచ్చింది.

డాక్టరమ్మ సీసా మీద రాసింది చదివింది. ఇద్దరినీ పరీక్ష చేసి, కడిగి మంచి పని చేశావని చెప్పి, సాయంత్రం దాకా ఇక్కడే ఉంచండి, వాంతులైనా మత్తుగా ఉన్నా వెంటనే పిలవండి అంది. మా ఆయన మందుల కోసం తిరుగుతున్నాడు. నేను పాపతో మంచం మీద. అత్తమ్మ దూరంగా బల్ల చివర, చేతులు రెండూ కొంగులో చుట్టుకుని, ఎవరికీ తగలకుండా ముడుచుకుని కూర్చుంది.

"ఎప్పటి నుంచి?" అని అడిగాను.

"పాప పుట్టకముందు నుంచే."

"మరి చెప్పవా?"

"కండ్లు పోయినయంటే దాన్ని నా చేతికిత్తువా నువ్వు?"

ఇవ్వను. ఆ మాట ఆమెతో అనలేదు గానీ అదే నిజం. ఆమెకూ అది తెలుసు. ఆపరేషన్ గదికి పోతే తిరిగి రానేమోనని ఆమెకు భయం. ఇల్లంతా చేతులతో బట్టీ పట్టి, మా మాటల్లోంచి రంగులు ఏరుకుని, చూస్తున్నట్టే బతికింది.

పొద్దు వాలేసరికి పాప పాలు తాగింది, నవ్వింది, నా గాజులు పట్టి లాగింది. డాక్టరమ్మ మళ్ళీ చూసి ఇద్దరికీ ఏం కాలేదు, ఇంటికి పోవచ్చు అంది. అత్తమ్మ ఆ మాట విని తల ఊపింది, చేతులు మాత్రం కొంగులోంచి తీయలేదు.

లేచి వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాను. నాకు లోపల కోపంగానే ఉంది. అయినా ఆమె చేతినొకదాన్ని కొంగులోంచి బయటికి తీశాను. రుద్ది కడగడంతో చర్మం ముడతలు పడి, చల్లగా ఉంది. దాన్ని పాప వైపు తెచ్చాను.

ఆ చెయ్యి ఇంకా ముఖానికి తగలనేలేదు. పాప రోజూ అలవాటైనట్టు తల పైకెత్తి, కదలకుండా, కళ్ళు మూసుకుంది.