యువరాజు హత్యా, మా మామిడి పూతా

"ఒక్క యువరాజుని చంపితే అన్ని దేశాలూ ఎందుకు కొట్టుకున్నాయి తాతయ్యా?" పరీక్షకు మొదటి ప్రపంచ యుద్ధం పాఠం చదువుతున్న మనవరాలు అడిగింది.

"వాటి మధ్య పగలు ముందే ఉన్నాయమ్మా. హత్య ఒక సాకు."

"నీకూ చిన్నతాతకీ ఉన్నట్టా?"

నాకు ఒళ్ళు మండింది. పంచాయతీ ఎన్నికల్లో నా తమ్ముడు నా మీదే నిలబడ్డాడు; అది మరవను. మా ఇద్దరి మామిడి తోటలూ పక్కపక్కనే. పూత మీద రెండింటికీ ఒకే రోజు మందు కొట్టకపోతే తేనెమంచు పురుగు మందు కొట్టని తోటకు పోతుంది. ఈ ఏడు వాడు చెప్పకుండా కొట్టాడు. పురుగంతా నా చెట్లకు పట్టింది. పోలీసులకు ఇద్దామని ఫిర్యాదు రాసి పెట్టుకున్నాను.

ఆ పిల్ల మాటతో ఇవ్వబుద్ధి కాలేదు. పొద్దున్నే కంచె దగ్గరికి వెళ్ళి అవతల ఉన్న తమ్ముణ్ణి అడిగాను.

"రెండో మందు ఎప్పుడ్రా?"

"గురువారం అన్నయ్యా. నువ్వూ కొట్టించు."

"మొన్న చెప్పలేదు. గుర్తుంది నాకు."

"నువ్వు మర్చిపోయిందెప్పుడులే!" అని నవ్వాడు.

గురువారం ఇద్దరం కొట్టించాం. మిగిలిన పూత నిలిచింది. ఇప్పుడు కంచెకు రెండు వైపులా పిందె కనిపిస్తోంది.