సలోమికి సీటొచ్చింది

చాలా ఏళ్ళుగా ఒక మనిషి ఎదురుగా కూర్చుని నేను మామూలుగా నవ్వగలిగాను. నా గుండెల మీద ఉన్న బరువు అదే. ఆమెకు నేను చేసిన పని ఒక ఎత్తు. చేశాక కూడా ఆమె పక్కన కూర్చుని, ఆమె కొనిచ్చిన టీ తాగి, ఆమె జోకులకి పగలబడి నవ్వగలగడం ఇంకో ఎత్తు. ఎలా నవ్వాను? ఇప్పటికీ నాకు తెలియదు. మీకు నేనెవరో తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు చెప్పను. ఆమె పేరు మార్చాను. మనిషిని మాత్రం మార్చలేదు.

ఆమెను సలోమి అనే పిలుద్దాం.

మాది తాడేపల్లిగూడెం. నాన్నకి ఉల్లిపాయల హోల్‌సేల్ కొట్టు ఉంది. డిగ్రీ ఏలూరులో చదివాను. పొద్దున్నే గూడెంలో బస్సెక్కి, పక్క సీట్లో బ్యాగు పెట్టుకుని కూర్చునేదాన్ని. "ఇక్కడెవరైనా ఉన్నారామ్మా?" అని అడిగినవాళ్ళందరికీ, "ఉన్నారండి, ఉంగుటూరులో ఎక్కుతారండి" అని చెప్పేదాన్ని. కొంతమంది గొణుక్కునేవారు. ఉంగుటూరు రాగానే సలోమి తడి జడతో, చేతిలో ఏదో ఒక నవలతో పరుగెత్తుకుంటూ వచ్చి ఎక్కేది.

బస్సులో అక్షరాలు చూస్తే నాకు కడుపులో తిప్పేస్తుంది. సలోమికి ఆ బాధ లేదు. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని నాకు వినబడేలా చదివేది. అలా మూడేళ్ళలో నేను చదివిన పుస్తకాలు నిజానికి నేను చదవలేదు, విన్నాను. ఒకసారి ఒక నవలలో తల్లి చనిపోయే ఘట్టం సరిగ్గా గుండుగొలను దగ్గర వచ్చింది. సలోమి చదవలేక ఆగింది. ముందు సీట్లో అరటిగెల పట్టుకుని కూర్చున్న పెద్దావిడ వెనక్కి తిరిగి, "ఆగిపోయావేంటమ్మా? ఆ పిల్లనెవరు చేరదీశారు మరి?" అని అడిగింది. ఆవిడ దిగాల్సిన స్టాపు దాటిపోతున్నా వినే దిగుతానంది. మేము ఏడుస్తూనే నవ్వాము.

సలోమి వాళ్ళ నాన్నగారు పొలం పనులకి వెళ్ళేవారు. ఆదివారాలు చర్చిలో డోలక్ వాయించేవారు. అమ్మగారు అంగన్‌వాడీలో ఆయా. మొదటిసారి నేను వాళ్ళింటికి వెళ్ళినప్పుడు ఆవిడ పులిహోర పెట్టి, "మీరు మాంసం ముట్టరు కదమ్మా, కొత్త గిన్నెలో చేశానమ్మా, అనుమానం లేకుండా తినండి" అన్నారు. నాకంటే పెద్దావిడ నన్ను మీరు అంటుంటే సిగ్గేసింది. ఇక మా ఇంట్లో సలోమి టీ తాగిన గ్లాసుని మా నానమ్మ కిటికీ మీద విడిగా పెట్టేది. సలోమి చూసింది. ఆ గ్లాసు తనే కడిగి, తనే ఆ కిటికీ మీద పెట్టి వచ్చేది. ఆ గ్లాసు గురించి నేను కాలేజీలో జరిగిన వ్యాసాల పోటీకి రాశాను. మనుషులు, సమాజం, అంతరాలు అంటూ చాలా ఆవేశంగా రాశాను. ప్రైజు కూడా వచ్చింది. ఆ తప్పు నానమ్మది. అందుకే అంత ధారాళంగా రాయగలిగాను. నాదైన తప్పు రాయడానికి ఇదిగో, ఇప్పుడు ఒక్కో వాక్యానికీ ఆగుతున్నాను.

డిగ్రీ చివరి సంవత్సరంలో ఇద్దరం సముద్రం పక్కన ఉన్న యూనివర్సిటీలో ఎమ్మే తెలుగుకి ఎంట్రన్స్ రాశాము. నాకు రాలేదు. ర్యాంకు చెప్పుకునేలా లేదు. సలోమి పేరు వెయిటింగ్ లిస్టులో ఉంది. వాళ్ళ నాన్నగారి ఫోన్ చేనుకాలవలో పడిపోవడంతో దరఖాస్తులో ఉన్న రెండో నంబరే మిగిలింది. అది నాది. "నీ ఫోనైతే ఎప్పుడూ పనిచేస్తుంది కదే" అని దరఖాస్తు నింపిన రోజే రాసింది.

ఆ ఫోన్ ఒక మధ్యాహ్నం వచ్చింది. నేను నాన్నకి అన్నం క్యారేజీ ఇవ్వడానికి కొట్టుకి వెళ్ళాను. లారీ దింపుతున్నారు, గోలగా ఉంది. నేను బస్తాల వెనక్కి వెళ్ళి మాట్లాడాను.

"సలోమి గారేనా అండి?"

"కాదండి, ఫ్రెండ్‌నండి."

"ఆవిడకి చెప్పండమ్మా. ఒక సీటు ఖాళీ అయింది. ఆవిడకే వచ్చింది. ఎల్లుండి సాయంత్రంలోగా ఒరిజినల్స్ తీసుకుని రావాలి. రాకపోతే తర్వాతి వాళ్ళకి ఇచ్చేస్తాం."

"చెప్తానండి" అన్నాను.

అన్నప్పుడు చెప్పకూడదనుకోలేదు. ఇది మీరు నమ్మాలని లేదు. బస్తాల మధ్య నిలబడి ఉన్నాను. ఉల్లిపాయల ఘాటుకి కళ్ళమ్మట నీళ్ళు వస్తున్నాయి, అవి ఉల్లిపాయలవేనని అనుకున్నాను. సాయంత్రం చెబుదాంలే. రేపు ఎలాగూ కలుస్తాం కదా, ఎదురుగా చెబుదాం, ఎగిరి గంతేస్తుంది, చూడొచ్చు. అలా నాకు నేనే చెప్పుకున్నాను. ఇంటికి వచ్చాక మాత్రం ఫోన్‌లోంచి ఆ నంబరు తీసేశాను. ఎదురుగా చెబుదామనుకున్న మనిషి నంబరెందుకు తీసేస్తుంది? ఆ ప్రశ్న ఆ రోజు వేసుకోలేదు.

మర్నాడు ఇద్దరం కొల్లేరు చూడటానికి వెళ్ళాం. ఎన్నాళ్ళనుంచో అనుకుంటున్న ప్రయాణం. ఏలూరులో కైకలూరు బస్సెక్కాం. దారి పొడుగునా చేపల చెరువులు, గట్ల మీద కొబ్బరిచెట్లు. ఆటపాక దగ్గర పడవ ఎక్కించారు. చెట్ల నిండా గూడబాతులు. అంత పెద్ద పక్షి అంత సన్నని కొమ్మ మీద ఎలా నిలబడుతుందని సలోమి నోరు తెరుచుకుని చూసింది. పిల్ల గూడబాతు ఒకటి తల్లి గొంతు సంచిలోకి తలంతా దూర్చేసి తింటుంటే, "అమ్మో, మింగేస్తుందేమోనే!" అని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నేనంత సంతోషంగా ఎప్పుడైనా ఉన్నానా? బహుశా లేను. లోపల ఆ మాట ఉండగానే అంత సంతోషంగా ఉన్నాను.

పడవ దిగి గట్టు మీద కూర్చున్నాం. వాళ్ళమ్మగారు పంపిన పులిహోర డబ్బా తెరిచి, నాకు ఎక్కువ పెట్టి, అప్పుడడిగింది.

"ఫోనేమైనా వచ్చిందా?"

"ఎక్కడినించి?" అన్నాను.

చూశారా? నాకు తెలియదన్నట్టు అడిగాను. ఆలోచించకుండానే వచ్చేసింది ఆ మాట.

"యూనివర్సిటీ నించే. ఇవాళో రేపో ఆఖరంట."

"లేదే. రాలేదు."

నా ముఖం చూసి, నేనేదో బాధపడుతున్నానని అనుకుని, నన్నే ఓదార్చింది. "పోన్లేవే. రాకపోతే ఏలూరులోనే చదువుకుందాం ఇద్దరం. మళ్ళీ ఆ బస్సే, ఆ సీటే. మా అమ్మ కూడా ఊపిరి పీల్చుకుంటుంది."

చెప్పడానికి ఇంకా ఒక రోజు ఉంది. ఆ ఒక్క రోజూ నేను ఇంట్లోనే ఉండి, బట్టలు ఇస్త్రీ చేసుకున్నాను. ఇంకేమీ చేయలేదు.

ఆ తర్వాతి రెండేళ్ళూ ఏలూరులో బీఈడీ చేశాము. నా జీవితంలో అంత మంచి రోజులు లేవు. ఇదే నన్ను తికమక పెడుతుంది. దొంగిలించి తెచ్చుకున్న రెండేళ్ళవి. అయినా తియ్యగానే ఉన్నాయి. సలోమి చదివేది, నేను వినేదాన్ని, నాకు అర్థంకాని చోట ఆపి వివరించేది. "నువ్వు మళ్ళీ ఎంట్రన్స్ రాయవే, ఈసారి నీకొస్తుంది" అని తనే పట్టుబట్టింది. వ్యాకరణం, ఛందస్సు బస్సులోనే నాకు నూరిపోసింది. అంతా తనకి నోటికొచ్చు. మరి నువ్వూ రాయొచ్చు కదా అన్నాను. ఆ యేడాదే వాళ్ళ నాన్నగారికి నడుం పట్టేసింది, పనులకి వెళ్ళలేకపోతున్నారు, తమ్ముడు ఇంకా చదువుతున్నాడు. "నాకిక కుదరదులే" అంది. "నువ్వెళ్ళు. నువ్వు చదివితే నేను చదివినట్టే."

నాకు సీటొచ్చింది. అదే యూనివర్సిటీ, అదే ఎమ్మే. ఇప్పుడు ఇక్కడే రీసెర్చ్ చేస్తున్నాను. సలోమి ముదినేపల్లిలో పిన్ని వాళ్ళింట్లో ఉంటూ ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు చెబుతోంది. పిల్లలకి ఆమె అంటే ప్రాణం. ఆ మాట తలుచుకుని నేను ఎన్నోసార్లు సమాధానపడ్డాను. బాగానే ఉంది కదా. నవ్వుతూనే ఉంది కదా. ఇక్కడికొస్తే ఏమయ్యేదో ఎవరికి తెలుసు? కానీ ఎలా ఉండేదో ఊహించుకునే హక్కు ఆమెది కదా, నాకెవరిచ్చారు?

మొన్న వేసవిలో నన్ను చూడటానికి వచ్చింది. వాళ్ళమ్మగారు చేసిన సున్నుండలు తెచ్చింది. లైబ్రరీ చూపించమంది. అరల మధ్య చాలాసేపు నడిచింది, ఒక్క పుస్తకం కూడా తియ్యలేదు. కిటికీ దగ్గర ఆగి మామూలుగానే చెప్పింది. "పరీక్ష బాగానే రాశాననుకున్నానే అప్పట్లో. తర్వాత అర్థమైంది, నా తెలివి అంతవరకే అని. మొన్న మా తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి ఏదో పెద్ద పరీక్ష రాస్తానంది. బాగా చదువుతుంది పాపం. అయినా వద్దులేమ్మా, రాకపోతే బాధపడతావు, అందేదానికే చెయ్యి చాపు అన్నాను."

ఇన్నాళ్ళూ నేను ఆమె సీటు ఒక్కటే పోగొట్టాననుకున్నాను. తను సరిపోలేదని ఆమె నమ్మింది. ఆ నమ్మకంతోనే ఇన్నేళ్ళు బతికింది. ఇప్పుడు దాన్ని ఇంకో పిల్లకి కూడా పంచుతోంది. ఆ పిల్లని నేను చూడను కూడా లేదు.

ఆ కిటికీ దగ్గర చెప్పలేదు. రైలెక్కించేటప్పుడూ చెప్పలేదు. చెయ్యి ఊపాను. బడులు తెరిచాక, ఇక ఉండబట్టలేక ముదినేపల్లి వెళ్ళాను. మధ్యాహ్నం భోజనాల వేళ. పిల్లల సైకిళ్ళు పెట్టే రేకుల షెడ్డు కింద నిలబడి చెప్పాను. అందంగా చెప్పడం రాలేదు. "సలోమీ, నీకు సీటొచ్చింది. నేను చెప్పలేదు" అన్నాను.

ముందు ఆమెకు అర్థం కాలేదు. ఏ సీటని అడిగింది. చెప్పాను. ఆమె ముఖంలో కోపం కోసం వెతికాను, దొరకలేదు. "వాళ్ళేమన్నారు? సరిగ్గా ఏమన్నారో చెప్పు" అంది.

"ఒక సీటు ఖాళీ అయింది, ఆవిడకే వచ్చింది అన్నారు."

"నా పేరు చెప్పారా?"

"చెప్పారు. సలోమి గారేనా అండి అని అడిగారు."

ఇంకోసారి చెప్పించుకుంది. పెదవులు కదుపుతూ ఆ మాటలు తనలో తను అనుకుంది. తర్వాత నాకేసి చూసింది.

"ఎందుకే?"

"నువ్వెళ్ళిపోతావని."

ఆమె చేతిలో ఉన్న క్యారేజీ గిన్నె మూత పెట్టుకుంది. బెల్ కొట్టారు. "ఆ పిల్లతో మాట్లాడాలి" అంది. వెళ్ళిపోయింది. బస్టాండు దాకా దింపుతాననలేదు, అన్నం తిన్నావా అనీ అడగలేదు. ఆ మాట అడగకుండా నన్ను ఆమె ఎప్పుడూ పంపలేదు. ఆ తర్వాత ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు. చేసే హక్కు ఆమెదనిపిస్తోంది. క్షమిస్తుందా? తెలియదు. క్షమించాలని నేను కోరుకోవచ్చా? అదీ తెలియదు.

ఆమెకు చెప్పేశాక కూడా ఇదంతా మీకెందుకు రాస్తున్నానంటే, ఆమె అడిగిన దానికి నేను సగమే జవాబు చెప్పాను. నువ్వెళ్ళిపోతావని అన్నాను. అది అబద్ధం కాదు. ఆమె లేని బస్సు నేను ఊహించలేకపోయాను, నిజమే. వినడానికి బాగుంటుంది. ప్రేమ ఎక్కువై చేసిన తప్పులా ఉంటుంది. ఇన్నేళ్ళూ నాకు నేను కూడా అదే చెప్పుకున్నాను.

కానీ ఆ మధ్యాహ్నం బస్తాల వెనక, "ఆవిడకే వచ్చింది" అని వినగానే నాకు ముందు కలిగింది భయం కాదు. నా పరీక్షే, తనూ రాసింది. నా పుస్తకాలే, తనూ చదివింది. నాన్న కోచింగ్ పెట్టించింది నాకు. కిటికీ మీద గ్లాసు పెట్టించుకున్న పిల్లకి సీటొచ్చి, నాకు రాకపోవడమా? అవును, ఆ గ్లాసు సరిగ్గా ఆ క్షణంలోనే నాకు గుర్తొచ్చింది. దాని గురించి వ్యాసం రాసి ప్రైజు తెచ్చుకున్న నాకే. ఆ రోజు నానమ్మకీ నాకూ తేడా లేదు. నానమ్మ దాచుకోలేదు, అంతే.

అది అసూయ. ఇప్పటిదాకా ఆ మాట ఎక్కడా రాయలేదు, నాలో నేను కూడా అనుకోలేదు. రాయడానికి ఇంత దూరం రావలసి వచ్చింది. సలోమి అంటే నాకు చాలా ఇష్టం. ఆమెను చూసి అసూయపడ్డాను. రెండూ నిజమే.